ఫోన్‌లో అచ్చం తమ్ముడి గొంతే వినిపిస్తే అమ్మ ఏం చెయ్యాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. గుంటూరు కొరిటెపాడులో అమ్మగారు, నాన్నగారు ఇద్దరే ఉంటున్నారు. తమ్ముడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మధ్యాహ్నం రెండింటప్పుడు అమ్మగారికి వాట్సాప్ కాల్ వచ్చింది. "అమ్మా, యాక్సిడెంట్ చేశాను, పోలీసులు పట్టుకున్నారు" అని తమ్ముడు ఏడుస్తున్నాడు. అంతలోనే లాయర్నంటూ ఎవరో ఫోన్ అందుకుని మూడు లక్షలు వెంటనే పంపమన్నాడు. అమ్మగారు తమ్ముడి నంబరుకు చేస్తే ఎత్తలేదు. పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు బయల్దేరుతుంటే పక్కింటావిడ ఆపారు. నకిలీ గొంతును ఎలా గుర్తుపట్టాలి, దానికేమైనా యాప్ ఉందా, డబ్బు పోలేదు కదా ఫిర్యాదు చెయ్యడం అవసరమా అని మీరు అడిగారు.

నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు గుంటూరు, విజయవాడ బ్రాంచీల్లో మేనేజరుని. రిటైరయ్యాక పటమటలో ఉంటున్నాను. మా చుట్టుపక్కల వాళ్లకు ఇలాంటి మోసాల గురించి చెప్పడం, మోసపోయినవాళ్ల దగ్గర కూర్చుని ఫిర్యాదు రాసిపెట్టడం, ఇప్పుడు నా పని చాలావరకు ఇదే. కాబట్టి పుస్తకాల్లో చదివింది కాకుండా, ఎదురుగా కూర్చుని ఏడ్చినవాళ్ల దగ్గర నేర్చుకున్నది చెప్తాను.

గొంతు నకిలీదో కాదో తేల్చుకునే పని అమ్మగారి మీద పెట్టకండి. ఆమె వల్ల కాదు, మీ వల్లా కాదు, నా వల్లా కాదు. 2023 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల మాట వినిపిస్తే చాలు, ఆ గొంతుతో ఏ వాక్యమైనా పలికించే ఏఐ ప్రోగ్రాం ఒకటి తయారుచేసి చూపించారు. ఆ తర్వాత అలాంటివి ఎవరికి కావాలంటే వాళ్లకు దొరికే స్థితి వచ్చేసింది. మూడు సెకన్లంటే ఎంత? మీ తమ్ముడు ఇన్‌స్టాలో పెట్టిన ఒక్క రీల్, నిశ్చితార్థం వీడియోలో "అందరూ తప్పకుండా రావాలి" అన్న ఒక్క ముక్క సరిపోతుంది. ఇక నకిలీ గొంతును పట్టే యాప్‌ల సంగతి. శుభ్రంగా రికార్డయిన ఆడియో ఇస్తే కొన్ని ఏదో ఒకటి చెబుతాయి. వాట్సాప్ కాల్‌లో గరగరమంటూ వచ్చే ఏడుపును నమ్మకంగా తేల్చిచెప్పేది నేనింతవరకు చూడలేదు. పైగా ఆ యాప్ "ఇది అసలుదే" అని పొరపాటున చెప్పిందనుకోండి, అమ్మగారిలో మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా పోతుంది. అందుకే నేనెవరికీ యాప్ పేరు చెప్పను.

ఈ కాల్ ఎలా అల్లుతారో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. నకిలీ గొంతు మాట్లాడేది పదిహేను, ఇరవై సెకన్లే. అదీ ఏడుస్తూనే. ఏడుపులో యాస తెలియదు, తడబాటు తెలియదు, గొంతు కాస్త తేడాగా ఉన్నా తల్లి మనసు "పాపం, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది" అనే అనుకుంటుంది. ఆ తర్వాత ఫోన్ లాయరో, పోలీసో, డాక్టరో అందుకుంటాడు. వాడు మాత్రం నిజం మనిషే, ఎంతసేపైనా మాట్లాడగలడు. యంత్రం తలుపు తీసిపెడుతుంది, లోపలికొచ్చి దోచుకునేది మనిషి.

మధ్యాహ్నం రెండింటికే ఎందుకు చేశారంటే, ఇక్కడ రెండయితే డాలస్‌లో తెల్లవారుజామున రెండున్నరో, మూడున్నరో అవుతుంది. మీవాడు నిద్రలో ఉంటాడు, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. అమ్మగారు తిరిగి చేస్తే ఎత్తడు. ఎత్తకపోవడమే ఆ తల్లికి సాక్ష్యమైపోతుంది: "ఫోన్ పోలీసులు లాక్కున్నారు" అని వాడు చెప్పింది నిజమేననిపిస్తుంది. విజయవాడలో నా దగ్గరకొచ్చిన ఇలాంటి రెండు కాల్స్ కూడా మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చినవే. మగవాళ్లు ఇంట్లో ఉండరు, పెద్దవాళ్లు నడుం వాల్చే వేళ, బ్యాంకు మాత్రం తెరిచే ఉంటుంది.

కాబట్టి అమ్మగారికి నేర్పాల్సింది ఒక్కటే పని. ఫోన్ పెట్టెయ్యడం, తన ఫోన్‌లో ముందునుంచీ ఉన్న నంబరుకు తనే చెయ్యడం. వాడిచ్చిన నంబరుకు కాదు, ఆ వచ్చిన కాల్‌కు తిరిగి నొక్కడమూ కాదు. తమ్ముడు ఎత్తకపోతే ఇంకెవరికి చెయ్యాలన్నది ఇవాళే తేల్చిపెట్టుకోండి. రూమ్మేట్, పక్క వీధిలో ఉండే స్నేహితుడు, ఆఫీసులో ఒకరు, ఇలా మూడు నంబర్లు. అవి ఫోన్‌లోనే కాదు, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీదో, దేవుడి గది తలుపు మీదో అంటించండి. కంగారులో ఫోన్‌లో పేరు వెతకడానికి చేతులు ఆడవు.

తమ్ముడి ఫోన్‌లోనూ ఒక పని ఉంది. ఐఫోన్ అయితే కాంటాక్ట్‌లో అమ్మ పేరు దగ్గర ఎమర్జెన్సీ బైపాస్ పెట్టుకోమనండి, సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టినా కొందరి కాల్స్ మోగేలా ఎంచుకోవచ్చు, వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగే ఏర్పాటూ ఉంది. ఇవి మామూలు ఫోన్ కాల్‌కు పనిచేసేవి, వాట్సాప్ కాల్‌కు పనిచేస్తాయని నమ్ముకోవద్దు. అమ్మగారి సిమ్ నుంచి అమెరికాకు మామూలు కాల్ వెళ్తుందో లేదో ఒకసారి చేయించి చూడండి. ఐఎస్‌డీ లేకపోతే వేయించండి.

ఇంకొకటి, ఇంటి ప్రశ్న. రహస్య పదం పెట్టుకోమని చాలామంది చెబుతారు. మంచిదే, కానీ డెబ్బై ఏళ్ల మనిషికి నిన్న పెట్టుకున్న పదం రేపటి కంగారులో గుర్తుండదు. చిన్ననాటి సంగతి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. "అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నిన్ను కుమ్మిన గేదె పేరేంటిరా?", "పదో తరగతిలో నువ్వు పోగొట్టిన వస్తువేంటి?" అలాంటివి. ఫేస్‌బుక్‌లో ఎక్కడా లేనిది, బంధువులందరికీ తెలియనిది అయ్యుండాలి. వాట్సాప్ గ్రూపులో రాసుకోకుండా నోటితో అనుకోండి. జవాబు రాకపోతే, ఏడుపు ఎక్కువైతే, "ఇప్పుడా అడిగేది?" అని లాయర్ కసురుకుంటే ఫోన్ పెట్టెయ్యాలి. మీవాడు నిజంగానే ఆపదలో ఉంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వాడికి రెండు సెకన్లు పట్టదు.

వాళ్లు చెప్పే కథలోనూ బొక్కలుంటాయి. అమెరికాలో బెయిల్ కట్టడానికి గుంటూరు నుంచి ఎవరి పేరుమీదో ఉన్న మన దేశపు ఖాతాకు యూపీఐ ఎందుకు చెయ్యాలి? "ముందు డబ్బు కడితేనే ఎమర్జెన్సీ ఆపరేషన్" అంటారు. అక్కడ 1986 నుంచి చట్టం ఉంది. అత్యవసరంలో వచ్చిన రోగిని డబ్బు కట్టలేదని వెనక్కి పంపడానికి వీల్లేదు, బిల్లు తర్వాత వస్తుంది. ఈ రెండు ముక్కలూ తీరిగ్గా ఉన్నప్పుడు అమ్మగారితో, నాన్నగారితో చెప్పి ఉంచండి. ఆ క్షణంలో గుర్తొస్తే మేలే. రాకపోయినా ఫోన్ పెట్టేసే అలవాటు కాపాడుతుంది.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. రిటైరవడానికి ముందు ఒక ఏడాది, మా బ్రాంచీకి టీచరుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ వచ్చారు. రెండు ఎఫ్‌డీలు గడువుకు ముందే తీసేసి ఆ డబ్బు ఒక ఖాతాకు ఆర్టీజీఎస్ చెయ్యాలన్నారు, అంటే పెద్ద మొత్తాన్ని బ్యాంకు ద్వారా వేరే ఖాతాకు పంపడం. "ఏంటమ్మా, అర్జెంటా?" అంటే "అమ్మాయి ఫ్లాటు కొంటోంది" అన్నారు. చేతిలో ఫోన్ ఉంది, దాన్ని గుండెకు ఆనించి పట్టుకున్నారు. మార్చి నెల, కౌంటరు నిండా జనం. సంతకం పెట్టేశాను. ఆ ఫోన్‌లో కాల్ నడుస్తూనే ఉందని, అవతల సీబీఐ అధికారినంటూ ఒకడు ప్రతి మాటా వింటున్నాడని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. డిజిటల్ అరెస్టు. మూడు రోజులు ఆమెను సొంత ఇంట్లోనే కెమెరా ముందు కూర్చోబెట్టారు. ఆ గుండెకు ఆనించిన ఫోన్ నాకిప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. "ఒక్క నిమిషం ఫోన్ ఇలా ఇవ్వండమ్మా, లోపలికొచ్చి మంచినీళ్లు తాగండి" అని ఉంటే సరిపోయేది.

అందుకే బ్యాంకులో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం: పెద్దవాళ్లు ఎఫ్‌డీ తీసి కొత్త ఖాతాకు పంపమంటే పక్కకు కూర్చోబెట్టి మాట్లాడండి. ఆమె ఫోన్‌ను వేరే బల్ల మీద పెట్టించి అడగండి. రెండు నిమిషాలు ఆలస్యమైందని తిట్టినా పడండి.

డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ, సీబీఐ, ఈడీ, కోర్టూ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు, డబ్బు "వెరిఫికేషన్‌కు" పంపమనరు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఈ సంగతే ప్రత్యేకంగా చెప్పారు. ఈ మోసానికి ఇప్పుడు ఏఐ ఇంకో బలం ఇచ్చింది. వెనక కోర్టు హాలు, మీద యూనిఫాం, తెలిసిన అధికారి ముఖం, అన్నీ తయారుచేసుకోవచ్చు. ఒకప్పుడు మేము "ఉత్తరంలో అచ్చు తప్పులు చూడండి, తెలుగు వంకరగా ఉంటుంది, అదే గుర్తు" అని చెప్పేవాళ్లం. ఆ సలహా ఇక వెనక్కి తీసుకుంటున్నాను. ఈమధ్య ఒకాయన చూపించిన నోటీసులో తెలుగు నా తెలుగుకంటే బాగుంది.

వీడియోలో ముఖం కనిపించింది కదా అంటారు. 2023లో కేరళలోని కోళికోడ్‌లో రిటైరైన ఒకాయనకు పాత సహోద్యోగి ముఖంతో వాట్సాప్ వీడియో కాల్ వచ్చింది. బంధువుకు ఆపరేషన్ అంటే 40,000 రూపాయలు పంపారు. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, వెంటనే అనుమానమొచ్చి అసలు స్నేహితుడికి ఫోన్ చేసి కనుక్కుని, పోలీసులకు చెప్పారు. ఆ డబ్బు ఎక్కడికెళ్లిందో పోలీసులు పట్టుకోగలిగారు. 2024లో హాంకాంగ్‌లో బయటపడినది ఇంకా పెద్దది. ఒక బహుళజాతి ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి వీడియో మీటింగ్‌లో కూర్చున్నాడు. ఫైనాన్స్ పెద్దాయన, మిగతా సహోద్యోగులు అందరూ కనిపించారు, మాట్లాడారు. అతను 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ మీటింగ్‌లో నిజం మనిషి అతనొక్కడే.

హాంకాంగ్ కథ మనకెందుకంటారేమో. గుంటూరు మిర్చి యార్డులో సీజన్ నడిచేటప్పుడు ఒక కమిషన్ కొట్టులో రోజుకు ఎన్ని లక్షలు చేతులు మారతాయో మీకు తెలుసు. మిర్చి బస్తాలు లారీకెక్కుతుంటాయి, షావుకారు ఎక్కడో కోల్డ్ స్టోరేజీ దగ్గర ఉంటాడు, గుమాస్తాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది: "ఆ పార్టీ ఖాతా మారింది, ఈ నంబరుకు డబ్బు పంపు, అర్జెంటు." గొంతు షావుకారుదే. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టయినా, వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ అయినా పని జరిగేది ఇలాగే, నోటి మాట మీదే. ఆ నోటి మాటనే ఇప్పుడు నకలు చెయ్యగలుగుతున్నారు. వ్యాపారులకు నేను చెప్పేది ఇది: కొత్త ఖాతాకు మొదటిసారి డబ్బు వెళ్లాలంటే గుమాస్తా తిరిగి షావుకారుకు ఫోన్ చెయ్యాలి. వాయిస్ మెసేజ్ ఆర్డరు కింద లెక్క కాదు. తిరిగి ఫోన్ చేసి అడిగినందుకు గుమాస్తాను ఒక్కసారి కూడా కసురుకోకూడదు. కసురుకుంటే రెండోసారి అడగడు, ఆ రెండోసారే డబ్బు పోతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, నష్టం ఎక్కువ జరిగేది అక్కడే కాబట్టి. కేంద్ర హోంశాఖ సైబర్ విభాగం లెక్కల ప్రకారం 2024 మొదటి నాలుగు నెలల్లో డిజిటల్ అరెస్టుల్లో పోయింది దాదాపు 120 కోట్లయితే, షేర్లలో లాభాలంటూ ఆశపెట్టే ట్రేడింగ్ మోసాల్లో పోయింది దాదాపు 1,420 కోట్లు. ఏడుపు ఫోన్‌కు భయపడతాం, కానీ ఆశపెట్టే వీడియోను భయం లేకుండా చూస్తాం. ఆర్థిక మంత్రి ఏదో పథకంలో డబ్బు పెట్టమని చెబుతున్నట్టు, రిజర్వ్ బ్యాంకు గవర్నర్ పెట్టుబడి సలహా ఇస్తున్నట్టు నకిలీ వీడియోలు తిరిగాయి. 2024 నవంబరులో రిజర్వ్ బ్యాంకే "మా అధికారులు అలాంటి సలహాలు ఇవ్వరు" అని ప్రకటించాల్సి వచ్చింది. 2023 నవంబరులో రష్మిక ముఖం అతికించిన వీడియో వచ్చినప్పుడు మనం సినిమా వాళ్ల గొడవ అనుకున్నాం. అదే పనితనం ఇప్పుడు నాన్నగారి యూట్యూబ్‌లోకి ప్రకటనగా వస్తోంది. ఆ లింకు నొక్కితే వాట్సాప్ గ్రూపు, గ్రూపులో రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు, ఒక నకిలీ యాప్. యాప్‌లో డబ్బు పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, తీసుకోబోతే "ముందు పన్ను కట్టాలి" అంటారు. నాన్నగారి ఫోన్ ఒకసారి అడిగి తీసుకుని, ఆయన ఎదురుగానే, అలాంటి గ్రూపులేమైనా ఉన్నాయేమో చూడండి. అమ్మగారికి వచ్చిన కాల్‌కంటే ఇదే నన్ను ఎక్కువ బెంగపెడుతోంది.

ఇంత కచ్చితంగా అమ్మగారి నంబరు, తమ్ముడి పేరు, డాలస్ ఎలా తెలిశాయన్నారు. "హ్యాపీ బర్త్‌డే తమ్ముడూ" అని మీరు పెట్టిన పోస్టు కింద అమ్మగారు పెట్టిన రెండు దండాల బొమ్మలు చాలు, ఎవరికి ఎవరేమవుతారో తెలియడానికి. ఇంకో దారి ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వస్తుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే కాంటాక్టులు, మెసేజ్‌లు వాళ్ల చేతికి పోతాయి. పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో రావాలి గానీ యాప్‌గా వచ్చిందంటే అది పత్రిక కాదు. ఫొటోలన్నీ తీసెయ్యమని నేను చెప్పను. పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రులకు ఆ ఫొటోలే పండగ. అకౌంటును ప్రైవేట్ చేసుకుని, వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే చాలు.

ఒకవేళ ఎప్పుడైనా డబ్బు వెళ్లిపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. మొదట దానికే, బంధువులకు ఆ తర్వాత. వెళ్లిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు. అద్దెకు తీసుకున్న ఖాతాల్లో పదికీ ఇరవైకీ చీలి, ఎక్కడో ఏటీఎంలోనో, చెక్కుతోనో బయటికొచ్చేస్తుంది. 1930 వాళ్లు ఫిర్యాదును ఆ బ్యాంకులకు వెంటనే పంపితే, అప్పటికి ఆ ఖాతాల్లో ఎంత మిగిలి ఉంటే అంత ఆపుతారు. గంటలో చేస్తే మిగిలేది ఒకలా ఉంటుంది, మర్నాడు చేస్తే ఇంకోలా ఉంటుంది. చేతిలో ఉండాల్సినవి: మీ ఖాతా నంబరు, ఎంత, ఎన్ని గంటలకు, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, ఆర్టీజీఎస్ అయితే ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు. అదే సమయంలో ఇంకొకరు బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించాలి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తిచేసి ఆ నంబరు రాసిపెట్టుకోండి. వాట్సాప్ చాట్ కోపంతో తీసెయ్యకండి. ఆపిన డబ్బు సాధారణంగా కోర్టు ఉత్తర్వుతో తిరిగొస్తుంది, తిరగాల్సి ఉంటుంది, ఓపిక పట్టాలి. "మీ డబ్బు తెచ్చిపెడతాం, ఫీజు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లు కూడా దొంగలే. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలు వాళ్లు అమ్ముకుంటారు.

డబ్బు పోలేదు కాబట్టి ఫిర్యాదు అక్కర్లేదా అన్నారు. చెయ్యండి. ఆ లాయర్ అమ్మగారికి ఒక ఖాతా నంబరు చెప్పాడు కదా, ఆమె దాన్ని క్యాలెండరు మీదో, పాస్‌బుక్ వెనకో రాసుకుని ఉంటారు. ఆ నంబరు చాలా విలువైనది. ఆ రోజే ఇంకో ఊళ్లో ఇంకో తల్లి అదే ఖాతాకు పంపి ఉండవచ్చు. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో అనుమానాస్పద నంబర్లు, ఖాతాలు తెలియజేయడానికి విడిగా చోటుంది. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చక్షు అనే విభాగం 2024 మార్చిలో మొదలైంది, మోసపు కాల్స్, వాట్సాప్ మెసేజ్‌ల సంగతి అక్కడ ఇవ్వవచ్చు. గుంటూరులోనే దగ్గర్లోని స్టేషనుకు వెళ్లి చెప్పినా తీసుకుంటారు.

మీ ఉత్తరంలో "ఇంత చదువుకుని ఎలా నమ్మావని అమ్మను గట్టిగా అన్నాను" అని రాశారు. వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి. కొడుకు ఏడుస్తుంటే ఆగి పరీక్షలు పెట్టే తల్లి ఎక్కడా ఉండదు. పైగా ఆమె పక్కింటావిడకు చెప్పారు. "ఎవరికీ చెప్పొద్దు" అని వాడు అంత గట్టిగా చెప్పినా చెప్పారు. నేను చూసిన మోసాల్లో డబ్బు నిలిచినచోట నిలబెట్టింది అదే. మా టీచరుగారు మూడు రోజులపాటు ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మా అంటే, "అమ్మాయి తిడుతుందనండీ" అన్నారు. రేపు ఇంకో కాల్ వచ్చినప్పుడు అమ్మగారు మొదట మీకే చెయ్యాలంటే, ఇవాళ మీతో చెప్పుకున్నందుకు ఆమెకు సిగ్గు అనిపించకూడదు.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్లందరూ తమ్ముడితో వీడియో కాల్‌లో కూర్చోండి, పక్కింటావిడను కూడా పిలవండి. ఆమెకు చేతులెత్తి దండం పెట్టి, ఫ్రిజ్ మీద అంటించే కాగితంలో మొదటి నంబరు ఆవిడదే రాయండి.